విరిగిన వాల్వుకు తగిన పదం

పట్టణ నీటి సరఫరా కార్యాలయం వారు సిబ్బందికి, వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా: సోమవారం మొదలు ప్రతి ఉదయం కార్యాలయ ఆవరణలో మరుగున పడిన ఇంగ్లీషు పదం ఒకటి వినిపించబడును. ఆ పదం బోధించు నీతిని అనుసరించి ఆ దినమంతయు పని జరుగును. నీరు యథాప్రకారం వచ్చును, లేదా రాకపోవును.

ఈ ప్రకటన గేటుకు అంటించిన రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది? పక్కనే ఉన్న విద్యుత్తు కార్యాలయం వారు అప్పటికే గుమ్మంలో నిలువుటద్దం పెట్టి, వచ్చిన ప్రతి ఉద్యోగి చేతా తన ముఖాన్ని తానే అభినందించుకునేలా చేస్తున్నారు. నీళ్లవాళ్లు వెనకబడిపోతే ఊరుకుంటారా? పెద్దసారు ఎక్కడో కొండ మీద శిక్షణకు వెళ్లి, వస్తూ వస్తూ ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నారు. ఇంగ్లీషువాళ్లు వాడి వాడి విసుగెత్తి పారేసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒకరు పారేసింది ఏరుకుని, ఇస్త్రీ చేసి తొడుక్కుని, అద్దంలో చూసి మురిసిపోవడం కూడా ఒక విద్యే. ఆ విద్యలో ఆ కార్యాలయానికి సాటి లేదు.

మొదటి పదం ఫజెల్. పని చేస్తున్నట్టు కనిపిస్తూ ఏమీ చేయకుండా ఉండడం అని దాని అర్థం. పెద్దసారు మెట్ల మీద నిలబడి, గొంతు సవరించుకుని ప్రసంగించారు.

"మిత్రులారా! ఎంత గొప్ప మాట! దీన్ని కన్నవాళ్లు దీన్ని కాపాడుకోలేకపోయారు. వాళ్లు మాటను పోగొట్టుకున్నారు. మనం మాట తెలియకుండానే ఆచారాన్ని కాపాడుకున్నాం. ఇవాళ మాట, ఆచారం ఒక్కచోట కలుసుకున్నాయి!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఫిర్యాదుల గుమాస్తా. ఆయన వెటకారానికి కొట్టలేదు, మనస్ఫూర్తిగానే కొట్టాడు. చదువుకునే రోజుల్లో ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి, మూడోసారి ఎలాగో గట్టెక్కిన మనిషి. అలాంటివాళ్లకి ఇంగ్లీషంటే ఉండే భక్తి ఒక్కసారే పాసైపోయినవాళ్లకి ఎక్కడినుంచి వస్తుంది? పెద్దసారు నోట్లోంచి ఆ మాట రాలినప్పుడు ఆయనకి ఒళ్లు పులకరించింది. ఆ రోజంతా కుర్చీలో నిటారుగా కూర్చుని, కలం చేత్తో పట్టుకుని, భక్తిశ్రద్ధలతో ఫజెల్ చేశాడు.

అయితే గుమాస్తా గారికి ఇంట్లో ఒక చిక్కు ఉంది. ఆయన ఉండేది రంపపు మిల్లు సందులో, రెండో అంతస్తులో. సందు మొదట్లో భూమిలో ఉండే నీళ్ల వాల్వు విరిగిపోయి చాలా కాలమైంది. అది విరిగినప్పటినుంచి సందులో ఒక్క కుళాయీ దగ్గలేదు, తుమ్మలేదు. నీళ్ల లారీ వచ్చినప్పుడు అందరూ కిందికి పరిగెత్తి పట్టుకోవాలి. గుమాస్తా ఆ వేళకి ఆఫీసులో ఉంటాడు కాబట్టి ఆ పరుగు ఆయన భార్యది. బకెట్ల బరువుకి ఆవిడ ఎడమ మోకాలు వాచింది. మెట్లెక్కడం మానకపోతే కాలు మిగలదని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు.

"ఏవండీ, ఊరందరి ఫిర్యాదులూ మీ బల్ల మీదకే వస్తాయట కదా. నాదీ ఒకటి రాసుకోకూడదూ?" అంది ఆవిడ ఒకరోజు, మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ.

"రాసుకోవడం ఎంతసేపు? ఈ వారంలో వాల్వు మార్పిస్తా చూడు," అన్నాడు ఆయన.

ఈ మాట ఆయన అంతకుముందు చాలా వారాల్లో అన్నదే. అయినా ఈసారి నిజంగానే కదిలాడు. ఫిట్టరుని పిలిచి అడిగాడు. ఫిట్టరు తల గోక్కున్నాడు.

"వాల్వు గోడౌన్లో ఉందండీ, కొత్తది, కాగితం కూడా విప్పలేదు. పెద్దసారు ఒక సంతకం పడేస్తే మధ్యాహ్నానికల్లా బిగించేస్తాను."

అంతే. ఒక్క సంతకం. గుమాస్తా ఉత్సాహంగా పెద్దసారు గదిలోకి వెళ్లాడు. ఆయన ఖర్మ కాలి ఆ రోజు పదం పెరెండినేట్ అయి కూర్చుంది. పనిని ఎల్లుండికి వాయిదా వేయడం అని అర్థం. పెద్దసారు సంతకానికి కలం తీసి, మళ్లీ మూత పెట్టారు.

"చూడవయ్యా, రేపు రండి అనడం మామూలు ఆఫీసుల పద్ధతి. అందులో ఆలోచన లేదు, అందం లేదు. మనం ఎల్లుండి అందాం."

ఎల్లుండి వచ్చేసరికి పదం మారింది. మంప్సిమస్. తప్పని తెలిసినా, తెలియజెప్పినా, పట్టిన పట్టు విడవకపోవడం. ఆ రోజు పెద్దసారు ఇంజనీర్లని పిలిపించి, ఎత్తు నుంచి పల్లానికి వేయవలసిన గొట్టాన్ని పల్లం నుంచి ఎత్తుకి వేసినందుకు ఒక్కొక్కరి భుజమూ తట్టి, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ సరిచేయబోమని అందరి చేతా ప్రమాణం చేయించారు. ఆ సంబరంలో సంతకం మాట ఎత్తడం మర్యాద కాదని గుమాస్తా గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

ఇక ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన. పచారీ కొట్టాయన ఒకడు, అదే సందువాడు, నిప్పులు కక్కుతూ ఆఫీసులోకి వచ్చాడు.

"ఏం మనుషులయ్యా మీరు? అవతలి వీధిలో వాళ్లు కుళాయి తిప్పుకుని బట్టలుతుక్కుంటుంటే మేం గోడ పక్కన నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నాం. ఒక్క బకెట్టు పట్టుకోమంటారేమోనని! ఇది బతుకా?"

గుమాస్తాకి ఆ ఉదయమే నేర్చుకున్న పదం ఒకటి నోటికొచ్చేసింది.

"అలా చూడడాన్ని గ్రోక్ అంటారండీ. ఎదుటివాళ్లు తింటుంటే, మనల్ని కూడా రమ్మంటారేమోనని మాట్లాడకుండా చూస్తూ నిలబడడం. చాలా పాత మాట."

కొట్టాయన చేయి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమన్నారూ?"

"గ్రోక్."

"దానికి పేరుందా? అదీ ఇంగ్లీషులో?"

"ఉందండీ."

కొట్టాయన కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి, అవి లేవంటే సర్దుకున్నాడు. ఆ మాట మళ్లీ మళ్లీ పలికించుకుని నేర్చుకున్నాడు. "ఇన్నాళ్లూ మాది ఏదో దిక్కుమాలిన అవస్థ అనుకున్నానండీ. అంటే పెద్ద పెద్దవాళ్లు పడిన అవస్థే అన్నమాట," అని, చేతులు జోడించి వెళ్లిపోయాడు. సాయంత్రానికి సందులో మగవాళ్లంతా అవతలి వీధి గోడ దగ్గర చేరి, కొత్త హుందాతనంతో గ్రోక్ చేస్తూ కనిపించారు.

ఈ వింత పెద్దసారు చెవిన పడింది. గొప్పవాళ్లకి గొప్ప ఆలోచన రావడానికి ఎంతసేపు? మర్నాటి నుంచి కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా, దానికి తగిన పదం ఒకటి వెతికి ఇచ్చి పంపాలి. పదం ముట్టగానే ఫిర్యాదు పరిష్కారమైనట్టు లెక్క. గుమాస్తాకి పదాల ప్రత్యేకాధికారి అని కొత్త హోదా, గిర్రున తిరిగే కుర్చీ వచ్చాయి. జనం పదాల కోసం బారులు తీరారు. మురికినీళ్లు వచ్చేవాళ్లు ఒక పదం, అసలు రానివాళ్లు ఒక పదం పట్టుకుపోయారు. ఒకావిడకి వచ్చిన పదం పొడుగ్గా ఉందని, తనకి పొట్టిది ఇచ్చారని ఇంకొకావిడ అలిగింది. ఆవిడకి మరో రెండు అక్షరాలు ఎక్కువున్నది ఇచ్చి సముదాయించారు. ఇళ్లల్లో కుళాయిలు ఎండిపోయాయి గానీ నోళ్లు మాత్రం తడితడిగా, నాగరికంగా తయారయ్యాయి.

ఈ మహత్తు పనిచేయని మనిషి ఊళ్లో ఒక్కరే మిగిలారు. ఆవిడ గుమాస్తా గారి భార్య.

"రెస్పేర్ అని ఒక మాట ఉందే," అన్నాడు ఆయన, కుర్చీ తిరిగే అలవాటు పోక ఇంట్లో ముక్కాలి పీట మీద కూడా తిరగబోయి తమాయించుకుంటూ. "నిరాశలో కూరుకుపోయినవాళ్లకి మళ్లీ ఆశ చిగురించడం. ఎంత బావుందో చూడు!"

"బావుంది. ఆ చిగురించినదేదో ఈ బకెట్లో పొయ్యండి, వంట చెయ్యాలి," అంది ఆవిడ.

నాలుగు రోజుల తరవాత, వేళ కాని వేళ పొద్దున్నే వచ్చిన లారీ దగ్గర్నుంచి వస్తూ ఆవిడ మెట్ల మీద పడింది. బకెట్టు దొర్లుకుంటూ కింది దాకా పోయింది, నీళ్లు మెట్లన్నీ కడిగేశాయి. గుమాస్తా అప్పుడే ఆఫీసుకి బయల్దేరుతున్నాడు. పరిగెత్తుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. అయ్యో అనడానికి నోరు తెరిచాడు. అయ్యో రాలేదు. దాని బదులు, ఇలా పడిపోవడానికి ఏదో చక్కటి మాట ఉండాలే, ఎక్కడో చదివానే అని ఆయన బుర్ర వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆవిడకి ఆయన ముఖం చూడగానే అర్థమైపోయింది. కాలు పట్టుకుని, కళ్లనీళ్లతో ఆయన వంక చూసింది.

"పదం దొరికిందా?" అంది.

ఆయనకి సిగ్గేసింది. ఆవిడని లేవదీసి, మంచం మీద కూర్చోబెట్టి, తిన్నగా పెద్దసారు గదికి వెళ్లాడు. వెళ్లేసరికి అందరి చొక్కాలకీ గుండ్రటి బిళ్లలున్నాయి. బిళ్ల మీద ఆ రోజు పదం, రూత్. జాలి అని అర్థం. పెద్దసారు మెట్ల మీదినుంచి అప్పటికే సెలవిచ్చి ఉన్నారు: "రూత్‌లెస్ అన్న మాట మిగిలింది, రూత్ పోయింది. లోకంలో జాలి లేనితనం మిగిలి, జాలి పోయింది మిత్రులారా! దాన్ని తిరిగి తెచ్చే బాధ్యత నీటి సరఫరా శాఖది!"

ఇంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాడు గుమాస్తా. తన భార్య పడిపోయిన సంగతి చెప్పి, వాల్వు కోసం సంతకం అడిగాడు. పెద్దసారు కళ్లు చెమర్చాయి. గంట కొట్టించి సిబ్బందినంతా పిలిపించారు. అందరూ లేచి నిలబడి, తలలు వంచి, గుమాస్తా గారి భార్య మీద జాలిపడ్డారు. టైపిస్టు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తరవాత పెద్దసారు గుమాస్తా చొక్కాకి స్వయంగా బిళ్ల తగిలించి, కౌగిలించుకుని, ఇంత నిండు జాలి మధ్య సంతకం లాంటి పొడి పని పెట్టుకోవడం బావుండదని పంపేశారు.

ఆ నెలాఖరున కార్యాలయానికి ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. రాకేం చేస్తుంది? పట్టణంలో ఒక్క ఫిర్యాదు కూడా మిగల్లేదు. సన్మానసభకి రాజధాని నుంచి పై అధికారి దయచేశారు. వేదిక మీద గుమాస్తాకి కూడా కుర్చీ వేశారు. పై అధికారి మాట్లాడుతూ, నీళ్లు ఎవరైనా ఇస్తారని, నీళ్లు లేకుండా సంతృప్తిని సరఫరా చేయడం ఈ కార్యాలయానికే చెల్లిందని, దీనికి గొట్టాలు కూడా అక్కర్లేదని కొనియాడారు. జనం పొంగిపోయారు.

అప్పుడు హాలు వెనకాల ఒకావిడ లేచింది. కర్ర సాయంతో నిలబడింది, రెండో చేతిలో ఖాళీ బకెట్టు.

"అయ్యా, మా సందులో వాల్వు విరిగింది. మార్పించండి," అంది.

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. పై అధికారి పెద్దసారు వైపు వంగి, "ఆవిడ ఏమంటోందండీ?" అని అడిగారు. పెద్దసారు ఇబ్బందిగా నవ్వి, "ఇంకా పదం అందనట్టుంది సార్. మావాడు ఇప్పుడే ఇచ్చేస్తాడు," అని గుమాస్తాకి సైగ చేశారు.

గుమాస్తా మైకు ముందుకి వచ్చాడు. తల నిండా పదాలున్నాయి, ఏది విసిరినా సభ లేచి నిలబడుతుంది. ఎదురుగా ఆవిడ కర్ర మీద బరువంతా ఆన్చి, ఆయన్నే చూస్తోంది. ఆ పూట ఆయన గనక ఇంకో పదం ఇస్తే, ఇక ఆ ఇంట్లో తనతో మాట్లాడే మనిషి ఉండదని ఆయనకి తెలిసిపోయింది.

"వాల్వు విరిగింది," అన్నాడు.

ఆయన చొక్కా బిళ్ల పీకి బల్ల మీద పెట్టాడు. "వాల్వు విరిగిందండీ. కొత్తది గోడౌన్లో ఉంది. సంతకం పెట్టండి."

పై అధికారి నెమ్మదిగా కళ్లు మూసుకుని, ఆ మాటని నాలుక మీద వేసుకుని రుచి చూశారు.

"వాల్వు... విరిగింది. ఆహా! ఎన్నాళ్లయిందండీ ఇలాంటి మాట విని! ఏ శతాబ్దం నాటిది?"

"ఇది ఇంగ్లీషు కాదేమో సార్," అని ముందు వరసలో ఎవరో నసిగారు.

"పాత ఇంగ్లీషై ఉంటుంది," అన్నారు పెద్దసారు తొణక్కుండా.

చప్పట్లు హాలు కప్పుని తాకాయి. అందరూ ఆ మాట రాసుకున్నారు. పచారీ కొట్టాయన లేచి నిలబడి రెండుసార్లు పలికి వినిపించాడు. మర్నాడు ఆఫీసు గేటు దగ్గర పలక మీద అదే పదం వెలిసింది. కింద దాని నీతి: జీవితంలో ఏదో ఒకటి విరుగుతూనే ఉండును, మనిషి చిరునవ్వు విడువరాదు.

చప్పట్లు ఆగకముందే గుమాస్తా వేదిక దిగి వెళ్లి భార్య చేతిలో బకెట్టు అందుకున్నాడు. ఆవిడ బకెట్టు వదిలింది. అప్పటినుంచి లారీ దగ్గర పరుగు ఆయనది. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తున్నాడని తిరిగే కుర్చీ వెనక్కి తీసేసుకున్నారు. వాల్వు ఇంకా గోడౌన్లోనే ఉంది, కాగితం విప్పలేదు.

ఇంతదాకా చదివిన మీరు ఇలాంటివాళ్లు కారని మాకు తెలుసు. గ్రోక్ అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఇప్పుడు టక్కున చెప్పగలరు. రెస్పేర్ కూడా వచ్చేసింది. సాయంత్రం నలుగురిలో వాడడానికి ఒకటి రెండు పక్కన పెట్టుకునే ఉంటారు. మంచిదే. ఇంతకీ ఆవిడకి వాచింది ఏ మోకాలు? వెనక్కి తిప్పి చూడకుండా చెప్పండి.