ఈ ఒక్కసారికి పీకవచ్చు

ఆ రోజు పొద్దున కిజిమా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్యాక్టరీకి వెళ్ళాలి, బామ్మ ఒంటిమీద ఒక్కటంటే ఒక్క స్టిక్కరు అంటించాలి, టీ తాగాలి, పదింటికి ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే డైరెక్టరమ్మ కోసం ఎదురుచూడాలి. అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

బామ్మ అంటే మనిషి కాదు. జపానులో మొగామి నది పక్కనున్న, మంజూలనే తీపి ఉండలు చేసే ఆ ఫ్యాక్టరీలో అన్నిటికంటే పాత యంత్రం. ఒక గొట్టంలోంచి పిండి, ఇంకో గొట్టంలోంచి ఎర్ర చిక్కుళ్ళ తీపి ముద్ద దిగుతాయి. రెండూ కలిసి గుండ్రటి ఉండలై బెల్టు మీద వరసగా వస్తాయి. బెల్టు చివర తొమియె నిలబడి వాటిని పళ్ళాల్లోకి ఎత్తి ఆవిరికి పంపుతుంది. కిజిమా అక్కడ భద్రతాధికారి. బామ్మ ఒంటినిండా ఉన్న హెచ్చరికలన్నీ ఆయన చేతి చలవే. స్టిక్కర్లు అచ్చువేసే చిన్న మిషను ఒకటి ఎప్పుడూ ఆయన నడుముకు వేలాడుతూ ఉంటుంది.

ఆయన్ని అని లాభం లేదు, పాపం ఆయన భయం ఆయనది. కంపెనీకి కొండ అవతల ఇంకో ఫ్యాక్టరీ ఉంది. రెంటిలో ఒకదాన్ని మూసేస్తారని తేలిపోయింది. ఏడాది పొడుగునా ఎవరికీ చిన్న గాయమైనా కాని ఫ్యాక్టరీ నిలుస్తుంది, రెండోదానికి తాళం పడుతుంది. గాయం లేకుండా గడిచిన ప్రతి రోజుకూ గోడ మీది కాలెండరులో గడిని ఆకుపచ్చగా నింపుతారు. ఇక ఆ రోజు గడి ఒక్కటే తెల్లగా మిగిలింది. అది పచ్చబడితే అందరి పనీ నిలబడుతుంది. లేకపోతే ఆ ఊళ్ళో వాళ్ళకి ఇంకో పని లేదు.

దానికి తోడు కంపెనీలో ఒక నియమం ఉంది. గాయపడినవాళ్ళు ప్రధాన కార్యాలయానికి వెళ్ళి, పొద్దుటి సమావేశంలో అందరి ముందూ నిలబడి, తాము ఏది చూడకుండా నడిచారో చెప్పుకుని తల వంచాలి. ఆ నియమం పెట్టింది ఇవాళ వస్తున్న నివా డైరెక్టరమ్మే. దెబ్బకంటే దానికే అందరికీ గుండెదడ.

బామ్మకు మొదట్లో 'చేయి పెట్టరాదు' అని ఒకటే ఉండేది. న్యాయమే. తర్వాత 'తల పెట్టరాదు' వచ్చింది. ఆ తర్వాత 'ఎక్కరాదు', 'కూర్చోరాదు', 'పడుకోరాదు' వచ్చాయి. బామ్మ మీద పడుకునే మనిషి ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఒకసారి ఒకామెకు స్టిక్కరు అంచు గుచ్చుకోబోయిందని 'స్టిక్కరు అంచుతో జాగ్రత్త' అంటించాడు. దానిమీద అక్షరాలు చిన్నవై అందరూ వంగి చూస్తున్నారని, దాని కింద 'పై స్టిక్కరు చదవడానికి వంగరాదు' అని ఇంకొకటి వెలిసింది.

ఇవన్నీ ఊరికే చూసి వదిలేస్తే సరిపోదు. పని మొదలుపెట్టేముందు ఒక్కోదాన్నీ వేలెత్తి చూపించి, గొంతెత్తి చదివి, "యోషి!" అనాలి. చూశాను, సరే, అని దాని అర్థం. చదవడం పూర్తయ్యేసరికి అందరి గొంతులూ బొంగురుపోయేవి. తొమియె దగ్గు బిళ్ళలు జేబులో వేసుకుని తిరిగేది.

ఆ పొద్దున కిజిమా తెచ్చిన కొత్త స్టిక్కరు, యంత్రాన్ని ఆపే బటనుకు సంబంధించింది. 'అనవసరంగా నొక్కరాదు.' బటను చుట్టూ వెతికితే గోరంత జాగా లేదు. బటను మీదే జాగా ఉంది. అక్కడే అంటించి, బొటనవేలితో ముడత లేకుండా నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తృప్తిపడ్డాడు.

"కిజిమా గారూ, బామ్మకి కిమోనో కట్టించేశారు," అంది తొమియె. "ఇక పెళ్ళికొడుకుని వెతకడమే తరువాయి."

"వెటకారం రేపు చేద్దురుగాని. ఇవాళ ఒక్కరోజు ఎవరికీ గీత కూడా పడకూడదు."

"పడదులెండి. మీ స్టిక్కర్ల మధ్య మిషనే కనపడట్లేదు, ఇక చెయ్యెక్కడ పెడతాం?"

అంతలో మేనేజరు ఉసుయి వచ్చాడు. ఆయనకు భయంతో పాటు అందం పిచ్చి కూడా ఉంది. పక్క తలుపు దూలం బాగా కిందికి ఉంటుంది కనుక అక్కడ 'తల వంచి నడవండి' అని ఒక స్టిక్కరు ఉండేది. అంత ముచ్చటైనదాన్ని మూలన పడేస్తే డైరెక్టరమ్మకు ఎలా కనబడుతుందని దాన్ని ఊడదీయించి ముందు తలుపుకు పెట్టించాడు. ముందు తలుపులోంచి ఏనుగు కూడా తల ఎత్తుకుని పోవచ్చునని కిజిమా గొణిగాడు. జాగ్రత్తకు ఎత్తుపల్లాలేమిటని ఉసుయి అడిగాడు. ఆ మాటకు భద్రతాధికారి అన్నవాడు ఏం జవాబు చెప్పగలడు? పక్క తలుపుకు ఇంకొకటి అచ్చు తీద్దామని నడుము తడుముకునేలోపే బయట కారు చప్పుడైంది.

యంత్రం తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుందని ఉసుయి బామ్మను నడిపించి, అందరినీ స్వాగతానికి బయటికి తోలాడు. జనం ఒక్కొక్కరే ముందు తలుపు దాకా వచ్చి, స్టిక్కరును వేలెత్తి చూపించి, "తల వంచి నడవండి, యోషి!" అని వంగి గడప దాటారు.

నివా డైరెక్టరమ్మ కారు దిగి చూస్తే, మనుషులు వరసగా ఆమె ముందు వంగుతూ వస్తున్నారు. మర్యాద తెలిసిన మనిషి, ఆమె కూడా వంగింది. అంత పెద్దామె వంగితే మామూలుగా నిలబడేదెవరు? అందరూ ఇంకా కిందికి వంగారు. ఆమె తల ఎత్తేసరికి తలుపులోంచి ఇంకొకరు వంగుతూ వచ్చారు. ఆమె మళ్ళీ వంగింది. తల ముందుగా ఎవరెత్తాలో తెలియక అక్కడ చాలాసేపు ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు.

లోపల బామ్మ తన పని తాను చేసుకుపోతోంది. బెల్టు చివర ఎత్తేవాళ్ళు లేక ఉండలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, పొర్లి, నేలమీద దొర్లడం మొదలుపెట్టాయి. చివరికి మర్యాదలు ముగిసి డైరెక్టరమ్మ లోపలికి వచ్చి నాలుగడుగులు వేసేసరికి చుట్టూ మంజూలే. ఒక బూటు తీపి ముద్దలో దిగబడింది.

"కదలకండి, జారతారు," అని కేకేసింది తొమియె.

డైరెక్టరమ్మ ఒంటికాలి మీద ఆగిపోయింది. తొమియె బామ్మ మీదికి ఉరికింది. ఆపే బటను ఎక్కడో ఆమెకు నిన్నటిదాకా తెలుసు. ఇప్పుడు చెయ్యి వేసిన చోటల్లా స్టిక్కరే. ఒకటి పీకితే దానికింద ఇంకొకటి ఉంది. ఒకరు ఇక్కడంటే ఒకరు అక్కడన్నారు. ఉండలు ఆగడం లేదు. డైరెక్టరమ్మ జారి పడితే కాలెండరూ పోతుంది, ఫ్యాక్టరీ కూడా పోతుంది. కిజిమా గోడ దగ్గరికి పరుగెత్తి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు. అలవాటైన కన్ను దాని పైన ఉన్నదాన్ని చూసింది. అలవాటైన వేలు లేచింది.

"మిషను తిరుగుతుండగా ప్లగ్గు పీకరాదు, యోషి!"

చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది.

"ఎందుకాగారు?" అంది తొమియె.

"పీకరాదని ఉంది."

"రాసింది మీరే కదండీ."

"అందుకే."

మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ వేలు లేచింది. ఇక లాభం లేదని నడుముకున్న చిన్న మిషను తీసి, అక్షరాలు నొక్కాడు. అది తాపీగా గుర్రుమంటూ ఒక చీటీని బయటికి నెట్టింది. 'ఈ ఒక్కసారికి పీకవచ్చు.' దాన్ని ప్లగ్గు పక్కన అంటించాడు. కాస్త వంకర వచ్చిందని మళ్ళీ తీసి సరిచేశాడు. వేలెత్తి చూపించాడు, చదివాడు, యోషి అన్నాడు, పీకాడు. బామ్మ నిట్టూర్చి ఆగింది.

డైరెక్టరమ్మ కాలు కింద పెట్టింది. "ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

అందరూ చేతులు చాపి తిప్పి చూపించారు. గీత కూడా లేదు.

"ఇన్ని హెచ్చరికలు పెట్టారు. ఎక్కడ ఆపాలో ఒక్కటీ చెప్పదేం?"

అందరూ కిజిమా నడుముకున్న మిషను వైపు చూశారు.

ఇవాళ తగలకపోయినా ఇలాంటి చోట రేపు తగులుతుందని, ఆ సంగతి తన నివేదికలో రాయక తప్పదని ఆమె నెమ్మదిగానే చెప్పింది. అంటే తాళం ఇక్కడే. అందరినీ కాపాడాలనుకుని అందరి పొట్టా కొట్టానని కిజిమాకు ఏడుపు ముంచుకొచ్చింది. తొమియె ముఖం చూడలేక బామ్మ వైపు చూశాడు. అక్కడ 'పడుకోరాదు' కనిపించింది.

బూటు కడుక్కోవడానికి కొళాయి ఎక్కడని డైరెక్టరమ్మ అడిగింది. పక్క తలుపు అవతల అని ఉసుయి చూపించాడు. ఆమె కోపంగా, తల నిటారుగా పెట్టుకుని అటు నడిచింది. డంగుమని శబ్దం వచ్చింది.

కుర్చీ తెచ్చారు, తడిగుడ్డ తెచ్చారు. నుదుటి మీద బొప్పి మంజూ అంత లేచింది.

"ఇక్కడ స్టిక్కరు ఉండేదండీ," అన్నాడు కిజిమా చిన్నగా. "పొద్దున్నదాకా."

"ముందు తలుపు దగ్గర మాత్రం చక్కగా వంగారు," అంది తొమియె తనలో తాను అనుకుంటున్నట్టు.

ఉసుయి చేతులు నలుపుకుంటూ, గాయపడినవాళ్ళు ప్రధాన కార్యాలయంలో అందరి ముందూ నిలబడి ఏది చూడలేదో చెప్పుకోవాలన్న నియమాన్ని మహా వినయంగా గుర్తుచేశాడు.

"ఆ నియమం ఎవరు పెట్టారు?" అంది నివా డైరెక్టరమ్మ కళ్ళు మూసుకుని.

"తమరేనండీ."

ఆమె తడిగుడ్డను నుదుటికి అదుముకుంది. తర్వాత లేచి గోడ మీది కాలెండరు దగ్గరికి వెళ్ళింది. పచ్చ పెన్సిలు ఇమ్మని చెయ్యి చాపింది. మిగిలిన గడిని అంచులు దాటకుండా తనే నింపింది. ఈ ఫ్యాక్టరీలో ఇవాళ ఎవరికీ ఏమీ కాలేదని అందరి ముఖాలూ ఒకసారి చూసి చెప్పింది. తొమియె గుక్కపట్టి ఏడ్చేసి, దగ్గు బిళ్ళ నోట్లో వేసుకుంది. డైరెక్టరమ్మ టోపీ కనుబొమల దాకా లాక్కుని కారెక్కింది.

తర్వాతి వారం ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. హెచ్చరికలు మితిమీరాయనీ, చేయి పెట్టరాదన్న ఒక్కటి తప్ప అన్నీ తీసేయాలనీ, యంత్రాల మీద ఇకపై ఏదీ అంటించరాదనీ అందులో ఉంది. కిజిమా మూడు పూటలా కూర్చుని బామ్మ కిమోనో విప్పాడు. ఆపే బటను ఎర్రగా బయటపడింది. ఉత్తర్వు అందరికీ కనబడేలా ఎక్కడ పెట్టాలా అని ఉసుయి ఆలోచించాడు. బామ్మ నుదురు ఖాళీగా కనిపించింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే తొమియె వేలెత్తి, "ఇక్కడ ఏదీ అంటించరాదు, యోషి!" అని పని మొదలుపెడుతోంది.