పాల కేంద్రం ముందు ఎర్రగీత

ఆ బుధవారం ఉదయం భవ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా పాల కేంద్రం ముందు నేల ఊడ్చి, ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం గీయాలి. పదకొండింటికి కాలేజీ నుంచి సురేంద్ర సార్ వచ్చి చూస్తారు. ఆ తర్వాత నారాయణమ్మవ్వ ఇంట్లో సంగటి తిని హాయిగా పడుకోవచ్చు.

భవ్య, చాందిని వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు. మూడేళ్ళు మట్టిని, పురుగులను, తెగుళ్ళను, విత్తనాలను క్లాసులో కూర్చుని చదివాక, నాలుగో ఏట ఆర్నెల్లు ఒక పల్లెలో కాపురముండి రైతు దగ్గర చదవాలి. అలా వీళ్ళకు పెద్దపంజాణి దగ్గరి గుట్టకిందపల్లె వచ్చింది. నారాయణమ్మ అనే ముసలావిడ ఇంట్లో ఒక గది దొరికింది. ఒక్కో విద్యార్థిని ఒక్కో రైతుకు అప్పజెబుతారు. ఆ రైతు రికార్డు పుస్తకంలో సంతకం పెడితేనే ఆ ఆర్నెల్లు గట్టెక్కినట్టు. లేకపోతే మళ్ళీ ఆర్నెల్లు. భవ్యకు ఉమాపతి దొరికాడు. ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు?

ఉమాపతికి ఆరెకరాల టమోటా తోట ఉంది, మదనపల్లె మార్కెట్లో పలుకుబడి ఉంది, నోటికి మాత్రం హద్దు లేదు. మొదటిరోజే పిల్లను నిలబెట్టి అడిగాడు.

"నాలుగేండ్లు మట్టిలో ఏం సదివేది పాపా? నేను పుట్టినప్పట్నుంచీ మట్టిలోనే ఉండాను. నాకెవురూ డిగ్రీ ఇయ్యలేదే?"

"నీ టమోటా చెట్లు ఏల వాడిపోతాండాయో చెప్పన్నా, నేనే ఇప్పిస్తా," అంది భవ్య.

ఉమాపతి మాట మార్చేశాడు. ఊళ్ళో మాత్రం వేరేగా చెప్పుకున్నాడు. "సెంట్రల్ గవర్నమెంటోళ్ళు ఊరంతా ఇడిసిపెట్టి నన్నే ఎంచుకున్నారు. ఇద్దరు ఆఫీసర్లను పంపిచ్చినారు" అని టీ కొట్టు దగ్గర మీసం దువ్వుకున్నాడు. ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు స్లిప్పర్లేసుకుని తిరుగుతున్నా, ఊరు ఆ మాటే నమ్మింది.

బుధవారం పటం మొదలైంది. ఊరివాళ్ళు చెప్పాలి, విద్యార్థి గీయాలి, సొంత తెలివి పెట్టకూడదు. వాళ్ళకు కాలేజీలో నేర్పిన పద్ధతి అది. ఇళ్ళకు పసుపు, పొలాలకు పచ్చ, దారులకు ఎరుపు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళంతా క్యాన్లు కిందపెట్టి చుట్టూ చేరారు. నారాయణమ్మ వంగి ఉమాపతి తోట మధ్యలో వేలు పెట్టింది.

"ఈడ బండిదావ ఉండాది తల్లీ. మా నాయిన కాలం నాటిది. ఆరేండ్లయింది, ఉమాపతి ముళ్ళకంప ఏసి మూసినాడు. ఆ పక్క నాకు ఎకరా రాగిచేను. నెత్తిన ఎరువు గంప పెట్టుకోని గుట్ట సుట్టూ తిరిగి పోతాండా."

"నిజమేనా?" అని భవ్య అందర్నీ అడిగింది. అందరూ తలూపారు, ఉమాపతి అక్కడ లేడు కనుక. భవ్య పచ్చరంగు మధ్య నిటారుగా ఒక ఎర్రగీత లాగింది.

ఇంతలో ఎవరో "మళ్ళా సర్వే వచ్చిండాది" అన్నారు. అంతే, పాల కేంద్రం ముందు తిరునాళ్ళయింది. ఒకడు తన మేకల కొట్టం పటంలో పెట్టవద్దని బతిమాలాడు, అది సగం రోడ్డు మీద ఉంది. ఒకావిడ తన మరుగుదొడ్డి పెద్దదిగా గీయమని పట్టుబట్టింది. "ఇది సర్వే కాదు, మా సదువు" అని చాందిని గొంతు చించుకుంది. "ఆఫీసర్లు అట్లనే అంటారు" అని సర్దిచెప్పుకుని, జనం ఇళ్ళకు పరిగెత్తారు. రోడ్డు మీది గడ్డివాము లోపలికి జరిగింది. మేకల కొట్టం రెండు గజాలు వెనక్కి పోయింది. ఊరిని చూసి పటం గీయాలి. ఇక్కడ పటాన్ని చూసి ఊరే మారుతోంది.

ఎనిమిదిన్నరకు ఉమాపతి వచ్చాడు.

"నా తోటలో ఆ ఎర్రగీత ఏంది పాపా?"

"దావన్నా."

"ఆడ దావ లేదు. కంప ఉండాది. పోయి సూసుకో."

"సరే. దావ తుడిచేసి కంప గీస్తా. ఎవురేసినారో, ఎప్పుడేసినారో పక్కన రాస్తా. అదీ మా సదువులోదే."

ఉమాపతి లెక్క వేసుకున్నాడు. రెండూ తన మెడకే చుట్టుకునేలా ఉన్నాయి.

"రెండూ వద్దు. పచ్చరంగు పుయ్యి. లేదంటే నీ పుస్తకంలో నా సంతకం పడదు. మళ్ళా ఆర్నెల్లు ఈ ఊరే నీకు గతి."

చాందిని భవ్య మోచెయ్యి గిల్లింది. "తుడిచేయ్ మే. సంతకం పడినాక గీద్దాం."

నారాయణమ్మ కూడా మెల్లగా అంది. "తుడిచేయ్ తల్లీ. నా కోసరం నీ సదువు పాడు సేసుకోవద్దు. గుట్ట సుట్టూ తిరిగేది నాకు అలవాటే."

ఆ 'అలవాటే' అన్న మాటకు భవ్య చటుక్కున అవ్వవైపు తిరిగింది. డెబ్బై ఏళ్ళ మనిషికి అలవాటు కావలసిన పని అదేనా?

"తుడవను," అంది. "మాది రామకుప్పం అన్నా. మా చేన్లోకి ఏనుగులొస్తాయి. వాటిని సూసినదాన్ని, నీ సంతకానికి బయపడతానా? పెట్టబాకు. ఇంకో ఆర్నెల్లు ఈడనే ఉంటా. దినామూ పొద్దున్నే ఇదే గీత గీస్తా. ముగ్గుపిండికి కరువా?"

ఉమాపతి ఇంటికెళ్ళి తన నాలుగు ఆవులను మేతకు విప్పాడు. అవి ఎన్నడూ పాల కేంద్రం మీదుగా పోవు. ఆరోజు పోయాయి. పటం మీద నుంచే పోయాయి. పసుపు, పచ్చ, ఎరుపు కలిసి బురద రంగయింది. "పశువులు, వాటికేం తెలుసు" అన్నాడు ఉమాపతి.

కానీ ఆయన ఒక సంగతి మరచిపోయాడు. ముగ్గు తొక్కితే ఊరుకునే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఇంటింటి నుంచీ ముగ్గుడబ్బాలు వచ్చాయి. అరగంటలో పటం మొదటిదానికి రెండింతలైంది. ఇళ్ళకు గుమ్మాలు, ఆవులకు కొమ్ములు కూడా మొలిచాయి. ఎర్రగీత బండి పోయేంత కాదు, లారీ పోయేంత అయింది. భవ్య కొలత ప్రకారం సన్నం చేయబోతే నలుగురు చేతులు పట్టుకున్నారు. ఆమె వదలక గీత సరిచేసే లేచింది.

ఉమాపతి ఇంటిముందు కూర్చుంటే పక్కింటి చిన్నస్వామి వచ్చి చెవిలో వేశాడు. "సదువుకునే పిల్లోల్ల మాదిరి వచ్చి ఆఫీసర్లు మన గుట్టు లాగుతాండారంట. పదకొండుకు పెద్దాయన జీపులో వస్తాండాడంట. నువ్వే కదన్నా చెప్పినావు, సెంట్రల్ గవర్నమెంటని."

ఉమాపతి దిగ్గున లేచాడు. అది ఆయన టీ కొట్టు దగ్గర వదిలిన అబద్ధమే. ఊరంతా తిరిగి ఇంత లావై వచ్చేసరికి కన్నవాడే గుర్తుపట్టలేకపోయాడు.

సరిగ్గా పదకొండింటికి జీపు ఆగింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో టేపుతో సురేంద్ర సార్ దిగారు. కళ్ళద్దాలు సర్దుకుని, పటం చుట్టూ ఒకసారి నడిచి, ఎర్రగీత దగ్గర ఆగారు.

"ఈ దారి వెడల్పెంత?"

"పన్నెండడుగులు సార్," అన్నాడు ఉమాపతి, భవ్య నోరు తెరిచేలోపే. "కంప గాలికొచ్చి పడింది సార్. ఇప్పుడే తీసేస్తాండా."

ఆరేళ్ళపాటు ఒకేచోట నిలిచిన ఆ గాలి కంపను ఆయనే లాగాడు. ముళ్ళు గీరుకున్నాయి. సగం ఊరు చేయి వేసింది. చివరి కొమ్మ పక్కకు పడగానే నారాయణమ్మ ఎవరినీ అడగలేదు. ఎరువు గంప ఎత్తుకుని నేరుగా నడిచి, నాలుగు నిమిషాల్లో తన రాగిచేనులో నిలబడింది. అక్కడ గంప దించి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె వెనకే, ఆ పక్క చేలున్నవాళ్ళ ఎరువు బండ్లు రెండు కదిలాయి.

ఉమాపతి చెమట తుడుచుకుంటూ వచ్చి, చూపిన ప్రతిచోటా సంతకం పెట్టాడు. చూపనిచోటా పెట్టాడు. చాందిని పుస్తకంలో కూడా రెండు పెట్టాడు. అప్పుడు చేతులు కట్టుకుని అడిగాడు.

"మా తోట హద్దులు ఎప్పుడు కొలుస్తారు సార్?"

"నేనెందుకు కొలుస్తానండీ? ఈ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి," అన్నారు సార్.

ఉమాపతి నోరు వెళ్ళబెట్టాడు. దారివైపు చూశాడు. మూడో బండి పోతోంది. కంపవైపు చూశాడు. దాని పక్కన ఊరంతా నిలబడి ఉంది.

"మళ్ళా ఏస్తావా అన్నా?" అంది భవ్య. "ఏస్తే చెప్పు. రంగు ఇంకా మిగిలిండాది."

సార్ పుస్తకం తిరగేసి, "రైతు నేర్చుకున్న విషయం అనే కాలమ్ ఖాళీగా ఉంది, మీ చేత్తో రాయండి" అని పెన్ను అందించారు. ఉమాపతి పళ్ళు కొరుకుతూ రాశాడు: 'జీపులో వచ్చిన ఆయప్ప ఎవరో కనుక్కోకుండా కంప తీయరాదు.'

అప్పటిదాకా సార్ దిద్దిన ముప్పై పుస్తకాల్లోనూ రైతులు అక్కడ 'చాలా విషయాలు' అని రాసి ఊరుకున్నారు కనుక, ఆ కాలమ్‌కు మాత్రం పదికి పది పడ్డాయి.