చర్చి పుస్తకానికి నాలుగు ప్రార్థనలు

శనివారం పొద్దున ఎలీషబా పెట్టుకున్న పని ఒక్కటే. చర్చికి యాభై ఏళ్లు నిండే పండుగకు వేస్తున్న పుస్తకాన్ని చివరిసారి దిద్ది, మధ్యాహ్నం మూడింటిలోపు మార్కాపురం ప్రెస్సుకు పంపాలి. మూడు దాటితే ప్రెస్సువాళ్లు పెళ్లిపత్రికలు ఎక్కిస్తారు. పండుగనాటికి పుస్తకం ఉండదు. నాలుగు నెలలు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన సంఘస్తుల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి.

కంప్యూటరు చర్చి పక్కగదిలో ఉంది. సంఘపెద్ద పిచ్చయ్య ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలుపెట్టనివ్వడు. వినేది ఒక్కరే అయినా మైకు లేకుండా ప్రార్థన చేయడు. ఆయన ఆమెన్ అనేసరికి కంప్యూటరు దానంతట అదే ఆగి మళ్లీ లేచింది. ఫైలు తెరుచుకోలేదు.

ఎలీషబా గిద్దలూరు నుంచి ఆనంద్ బాబును పిలిపించింది. ఆ కంప్యూటరులో విండోస్ బదులు లినక్స్ వేసింది అతనే.

"దీనికి వైరస్ రాదంటివే?"

"రాలేదక్కా. వచ్చుంటే తీసేసేవాణ్ణి."

అతను ర్యామ్ ఊడదీసి, తుడిచి పెట్టాడు. గంటసేపు మిషను బాగానే నడిచింది. అది జబ్బుపడిందని విని పిచ్చయ్య వచ్చి, స్వస్థత కోసం మైకులో ప్రార్థన చేశాడు. మిషను మళ్లీ ఆగి లేచింది. ఈసారి డిస్కు కూడా దెబ్బతింది.

ఆనంద్ బాబు డిస్కును సరిచేసే కమాండు కొట్టాడు. ఒంటిగంటకు ఫైలు ముక్కలు ఒక ఫోల్డరులో దొరికాయి. లినక్స్ దానికి పెట్టిన పేరు లాస్ట్ అండ్ ఫౌండ్. పిచ్చయ్య అర్థం అడిగాడు. తప్పిపోయి దొరికినవి అని ఆనంద్ బాబు చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

"తప్పిపోయింది దొరికినాక కృతజ్ఞత చెప్పకుంటే ఎట్లరా" అంటూ పిచ్చయ్య మైకు దగ్గరికి వెళ్లాడు. దొరికినవి మళ్లీ తప్పిపోయాయి.

మిషను ఎప్పుడెప్పుడు ఆగి లేచిందో లినక్స్ రాసిపెట్టుకుంటుంది. రెండింటికి ఆనంద్ బాబు ఆ టైములు తెరిచాడు. తొమ్మిదింపావు, పదకొండున్నర, ఒంటిగంట పది. మూడూ పిచ్చయ్య మైకు పట్టుకున్న టైములే. ఎలీషబా వాటిని చదివి, గోడ వెంబడి వెళ్లిన వైరును చూసింది. మైకు ఆంప్లిఫయరు, కంప్యూటరు ఒకే స్విచ్చుబోర్డులో ఉన్నాయి. అది వేసినప్పుడల్లా దీనికి కరెంటు చాలడం లేదు.

"పెద్దనాయనకు నువ్వు చెప్పుకో అక్కా" అన్నాడు ఆనంద్ బాబు. "నేను మళ్లా ఈ ఊరికి రావాల."

పిచ్చయ్య అప్పటికే నాలుగోసారి మైకు కోసం లేచాడు.

"పెద్దనాయనా, ఈసారి మైకు లేకుండా, మనసులో చేసుకో."

"ఎవురికి వినపడుతుందమ్మా?"

"దేవునికి వినపడుద్ది. కంప్యూటరుకు వినపడకుంటే చాలు."

పిచ్చయ్య కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ముప్పావుగంట తెరవలేదు. ఆలోపు ఆనంద్ బాబు ముక్కలు ఏరాడు, ఎలీషబా అతికించింది. మూడింటికి ఐదు నిమిషాలుండగా ఫైలు మార్కాపురం వెళ్లింది.

నాలుగో ప్రార్థన దేవుడు విన్నాడని పిచ్చయ్య పండుగనాడు సాక్ష్యం చెప్పాడు. మొదటి మూడింటి సంగతి ఎలీషబా ఎత్తలేదు.