అలవాట్లు లేని ఇల్లు

భూగోళాన్ని కాపాడే బాధ్యతను ఇకపై మంచి మనుషులకు వదిలేయరాదని, ఫారం నంబరు పదకొండుకు అప్పగించాలని హరిత అలవాట్ల శాఖ నిర్ణయించింది. ప్రతి కుటుంబమూ తన అలవాట్లను ఫోనులో నమోదు చేసి ధ్రువపత్రం పొందాలి. పత్రం లేని ఇంటి పిల్లలకు పై చదువుల్లో సీటు ఉండదు. (భూగోళానికీ సీటుకూ సంబంధమేమిటని అడిగేవారి కోసం ఫారం నంబరు పన్నెండు ఉంది.)

ఈ సంగతి తెలియగానే, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న ఒక తల్లి గుండెల్లో రాయి పడింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడకు కీడెంచడంతోనే పొద్దుగూకుతుంది, మేలెంచే తీరిక ఉండదు. కూతురికి నర్సు కోర్సులో సీటొచ్చింది. నెలాఖరులోగా పత్రం ఇవ్వకపోతే సీటు పోతుంది. సీటు పోతే పిల్ల దిగులుతో తిండి మానేస్తుంది. తిండి మానేస్తే ఆసుపత్రిలో చేర్చాలి. అక్కడ చూసుకోవడానికి నర్సులుండరు. ఎందుకుంటారు, ఎవరికీ సీట్లు రాలేదాయె!

ఆవిడ ఫోను తెరిచింది. మొదటి ప్రశ్న: “మీ ఇంట్లోవారికి ఏయే అలవాట్లు ఉన్నాయి?”

“చూశావటే వీళ్ల నోరు!” అంది కూతురితో. “మీ నాన్నకు తాగుడుందా, పేకాటుందా అని అడుగుతున్నారు.”

“ఆ అలవాట్లు కాదేమోనమ్మా...”

“నువ్వూరుకో. అలవాట్లంటే ఏంటో నాకు తెలీదా? ఆయనకు నన్నిచ్చేముందు మీ తాతయ్య నలుగురినీ పిలిచి అడిగిన మాటే అది.”

కూతురు ఆపేలోపే రాసి పంపేసింది: “మా ఇంట్లో ఎవరికీ ఏ అలవాట్లూ లేవు. అనుమానముంటే వీధిలో ఎవరినైనా అడగండి.”

తెల్లారేసరికి జవాబొచ్చింది. “మిమ్మల్ని అలవాట్లు లేని కుటుంబంగా గుర్తించడమైనది. మీ వల్ల భూగోళానికి కలుగుతున్న హానికి సంజాయిషీ ఇవ్వగలరు.”

సంజాయిషీ మూడు ప్రతుల్లో ఉండాలి, ఒకవైపే రాయాలి, కాగితం కొత్తదై ఉండాలి. ఆవిడ పాత క్యాలెండరు వెనకవైపు రాసి తీసుకెళ్తే, శాఖ గౌరవానికి భంగమని గుమాస్తా తిప్పి పంపాడు. కొత్త కాగితాల మీద రాసిచ్చాక, అలవాట్ల అధికారి స్వయంగా తనిఖీకి వచ్చాడు. ఆయన లోపల ఉన్నంతసేపూ కారు ఇంజను వీధిలో నడుస్తూనే ఉంది. (ఆపితే లోపలి చల్లదనం పోతుందట.)

ఆవిడ ఇల్లంతా తిప్పి చూపించింది. బట్టలు జాడించిన నీళ్లు గచ్చు కడగడానికి. గుడ్డపీలికలతో అల్లిన, కాళ్లు తుడుచుకునే పట్టాలు. కూతురి ఒంటిమీద ఉన్నది పెద్దమ్మ కూతురి పాత చుడీదారు, రెండుసార్లు కుట్లు విప్పి పెంచినది.

అధికారి పుస్తకం తెరిచాడు. “ఇవన్నీ పర్యావరణం కోసం చేశారా, లేక, డబ్బు లేక చేశారా?”

“లేకే చేశాం బాబూ.”

“లేక చేసింది పరిగణనలోకి రాదమ్మా. ఏడో నిబంధన. ఉండి మానుకోవాలి. మీరేం మానేశారు?”

“ఏముందని మానేస్తాం?”

“అదే మరి. ముందు ఉండాలి.”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు తొక్కిన అడుసు ఫొటో జతచేస్తేనే కడిగిన కాలికి గుర్తింపు. అందుకని శాఖవారు దయతలచి ఇరవై ఒక్క రోజుల కార్యక్రమం రాసిచ్చారు: పది రోజులు వృథా, పదకొండు రోజులు పశ్చాత్తాపం.

వృథా చేయడం ఇంత కష్టమని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ప్లాస్టిక్ సీసాల నీళ్లు తెప్పించి, సగం తాగి పారబోయాలి. తాగబోతే పొలమారింది. ఖాళీ గదిలో లైటు, ఫ్యాను వెయ్యాలి. వేసిన కాసేపటికి డ్యూటీ నుంచి వచ్చిన భర్త మామూలుగా ఆపేశాడు.

“ఏమండీ, ఆ గదిలో ఫ్యానెందుకు ఆపారు?”

“ఎవరూ లేరు కదే.”

“ఎవరూ లేరనే కదా వేసింది! పిల్ల భవిష్యత్తును చేతులారా ఆర్పేస్తారా?”

ఆయన స్విచ్చు వేసి, ఖాళీ గదికి క్షమాపణ చెప్పినట్టు తలుపు దగ్గరగా వేశాడు.

ఆరో రోజున కుళాయి విప్పి వదిలేయాలి. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తుంది? కింద బకెట్టు పెట్టి ఫొటో తీసింది. వెంటనే ఫోను మోగింది. “ఫొటోలో బకెట్టు కనిపించినందున మీ వృథా తిరస్కరించబడినది.” కూతురు బకెట్టు లాగేసింది. తల్లి కళ్లు మూసుకుని ఫొటో తీసింది, అందులో కుళాయికి బదులు గోడ పడింది. మూడోసారికి నీళ్లు కాలువలోకి పోయాయి, శాఖ సంతృప్తి వ్యక్తం చేసింది.

పదకొండో రోజు నుంచి అంతా మానేశారు. అంటే, ఎప్పటిలా బతికారు. దానికి రోజుకో ఆకుపచ్చ నక్షత్రం వచ్చింది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు తల్లీకూతుళ్లు ధ్రువపత్రం తెచ్చుకోవడానికి శాఖ కార్యాలయానికి వెళ్లారు. దానికి ఒక ప్లాస్టిక్ తొడుగు, తొడుగుకు ఒక అట్టపెట్టె, పెట్టెకు ఒక సంచి. అధికారి లేచి నిలబడి అందించాడు.

“అభినందనలమ్మా. మీది ఆదర్శ కుటుంబం. సీటుకు ఢోకా లేదు, ఈ ఏడాదికి.”

ఆవిడకు వినపడింది చివరి మాటే. “ఈ ఏడాదికంటే?”

“ఏటా కొత్తగా ఒకటి మానేసి చూపిస్తేనే పత్రం చెల్లుతుంది. అమ్మాయి కోర్సు ఎన్నేళ్లు?”

“మూడేళ్లు సార్,” అంది కూతురు.

తల్లి సంచి బల్లమీద పెట్టేసింది. ఇంట్లో ఇంకేముందని మానేస్తారు? “మరి వచ్చే ఏడాదికి ఏం మొదలుపెట్టమంటారు బాబూ?”

“ఏదైనా పర్వాలేదమ్మా,” అన్నాడు అధికారి, ఆవిడ ఫైలు మూస్తూ. “కాకపోతే ఈసారి కాస్త మనస్ఫూర్తిగా వృథా చెయ్యండి. ఫొటోల్లో మీరు బాధపడుతున్నట్టు తెలిసిపోతోంది.”