సమ్మెట సన్మానం

నరసరావుపేటలోని గోప్య ఫిర్యాదుల స్వీకరణ కేంద్రంలో కాలం చెల్లిన కంప్యూటర్లను అత్యంత భద్రంగా నిర్మూలించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పెద్దవాళ్ళ మీద చిన్నవాళ్ళు చెప్పుకునే మాటలు పైకి పొక్కకుండా దాచడమే ఈ కేంద్రం పని. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే రికార్డు చేసుకుంటారు. దాచడంలో వాళ్ళ నిష్ఠ ఎంతటిదంటే, వచ్చిన ఫిర్యాదును చర్య తీసుకోవలసిన అధికారికి కూడా ఇంతవరకు వినిపించలేదు.

పాత కంప్యూటర్లు వదిలించుకునేటప్పుడు వాటిలోని సమాచారం పరుల చేతిలో పడరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కేంద్రం అధికారి జానకిరామయ్య గారు సిబ్బందిని కూర్చోబెట్టుకుని సుదీర్ఘంగా ఆలోచించారు. ఫిర్యాదుదారు పేరు ఎక్కడ కనబడుతుంది? తెర మీద. గొంతు ఎక్కడ వినబడుతుంది? స్పీకర్లో. కాబట్టి తెరలనూ స్పీకర్లనూ పిండి చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. బల్లల కింద ఉండే డబ్బాల సంగతి ఎవరో ఎత్తారు. జానకిరామయ్య గారు స్వయంగా వంగి, డబ్బా వెనక చిల్లుల్లోంచి టార్చి వేసి చూశారు. లోపల ఫ్యాను కనబడింది, బోలెడు దుమ్ము కనబడింది. రహస్యాలేవీ కనబడలేదు.

ఈ కబురు గ్రేసమ్మ చెవిన పడింది. ఆవిడ రొంపిచెర్ల వైపు ఒక ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆవిడే, అందుకని ఆ గొంతు చుట్టుపక్కల నాలుగూళ్ళకూ తెలుసు. ఊరి పక్క క్వారీ పేలుళ్ళకు రాళ్ళు ఎగిరొచ్చి అంగన్‌వాడీ రేకుల మీద పడుతున్నాయని నిరుడు ఈ కేంద్రానికి వచ్చి చెప్పుకుంది. క్వారీ పున్నారావు గారిది. ఆ ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు. చెప్పింది తనేనని ఆయనకు తెలిస్తే ఉద్యోగం ఉండదని గ్రేసమ్మకు తెలుసు. బస్సెక్కి వచ్చింది.

"సార్, నా మాటలు ఆ మిషన్‌లోనే ఉన్నయ్యా ఇంకా? చెరిపేశారా?"

"చెరపటం ఏందమ్మా, ఏకంగా పగలగొడతన్నాం. సమ్మెటతో."

"మరి ఆ కింద డబ్బాలో ఏముంటది సార్?"

"ఫ్యాను. నేనే చూశా. నువ్వు నిబ్బరంగా పోయి పిల్లలకు అన్నం పెట్టుకో."

ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. పాపం, నమ్మింది.

ఇక సమ్మెట కావాలి. ప్రభుత్వ కార్యాలయానికి సమ్మెట కొనే పద్దు లేదు. సమ్మెటలు ఉండేది క్వారీల్లో. అడిగిందే తడవుగా పున్నారావు గారు సమ్మెటలనూ, వాటిని ఎత్తగల మనుషులనూ, షామియానానూ, చల్లటి మజ్జిగనూ పంపించారు. ఇంత చేసిన పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలవకపోతే బాగుండదు కదా. పిలిచారు.

కార్యక్రమం కన్నుల పండువగా జరిగింది. తెరలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి, కొబ్బరికాయ కొట్టి, అదే ఊపులో తెరలనూ కొట్టారు. ముక్కలన్నీ గోతాంలో పోసి, మూతి కుట్టి, లక్క సీలు వేశారు. "ప్రాణాలైనా ఇస్తాం గానీ ఫిర్యాదుదారు పేరు మాత్రం ఇవ్వం" అని జానకిరామయ్య గారు గద్గదంగా ప్రసంగించారు.

ముఖ్య అతిథి కూడా తక్కువ తినలేదు. "రహస్యం కాపాడే ఆఫీసు మన పల్నాడులో ఉండటం మన అదృష్టం. ఫిర్యాదు చేసేవాళ్ళంటే నాకు చానా గౌరవం. వాళ్ళెవరో తెలిస్తే ఇంటికి పోయి మరీ గౌరవించేవాణ్ణి" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

సన్మానం దగ్గర చిక్కొచ్చి పడింది. శాలువా ఉంది, జ్ఞాపిక తేవడం మరిచారు. ముఖ్య అతిథిని ఒట్టి శాలువాతో సాగనంపడం మన వైపు ఎరగం. అటూ ఇటూ చూసిన జానకిరామయ్య గారికి మూలన పేర్చిన డబ్బాలు కనబడ్డాయి. ఒకదాన్ని శుభ్రంగా తుడిపించి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి పున్నారావు గారి చేతుల్లో పెట్టారు. ఫొటో దిగారు. మిగతావి మాత్రం ఇక్కడెందుకని, అవి కూడా ఆయన కారు డిక్కీలో సర్దించారు.

ఇంటికి వెళ్ళాక పున్నారావు గారి గుమాస్తా రవి కుమార్ డబ్బాలకు వేరే తెర, వేరే స్పీకర్లు తగిలించాడు. సాయంత్రానికల్లా గ్రేసమ్మ గొంతు టీ బంకుల్లో, ఆటోల్లో, ఫోను ఉన్న ప్రతి చేతిలో మోగింది. వాళ్ళకిదేం పోయేకాలమోగానీ, ఆవిడ ఎదురుపడినప్పుడు కూడా ఆపేసినవాడు లేడు.

పున్నారావు గారు మాట తప్పే మనిషి కాదు. గ్రేసమ్మ ఇంటికి వెళ్ళారు. "ఏంది గ్రేసమ్మా, నాకు చెబితే సరిపోయేది గదా. నరసరావుపేట దాకా ఎందుకు పోవటం?" అని ఎంతో నెమ్మదిగా అడిగారు.

రహస్యం పొక్కడం మీద కేంద్రం వెంటనే విచారణ జరిపింది. లక్క సీలు చెక్కు చెదరలేదు, గోతాం ఎక్కడిదక్కడే ఉంది. కాబట్టి కేంద్రం నుంచి ఏదీ బయటకు పోలేదని రుజువైంది. ఆ మాటలు ముందే తెలిసిన మనిషి బయట ఇంకొక్కరే ఉన్నారు, ఆ మాటలు చెప్పిన గ్రేసమ్మ. తన గొంతును తానే గోప్యంగా ఉంచుకోలేకపోయినందుకు ఆమెను విధుల నుంచి తొలగించాలని సిఫారసు చేశారు, తొలగించారు. సమాచార భద్రతలో చూపిన ప్రతిభకు జానకిరామయ్య గారికి ప్రశంసాపత్రం వచ్చింది. క్వారీ యథావిధిగా నడుస్తోంది.

ఆ రికార్డు మీకూ వచ్చే ఉంటుంది. మొదటి మాటకే గొంతు ఎవరిదో పోల్చి, నలుగురికి పంపి, ఫోను జేబులో వేసుకుని ఉంటారు. తీరిక దొరికితే చివరిదాకా వినండి. "పిల్లలు అన్నం తిని పడుకునే యాళకే పేలుస్తన్నారు సార్. రాళ్ళు పడేటప్పుడు నేను పిల్లల మీద అడ్డం పడుకుంటన్నా. ఒక్క మనిషిని, అందరికీ సరిపోవటల్లా" అని ఉంటుంది.

కొత్త ఆయా వచ్చింది. మరీ సన్నటి మనిషి.