వీరవేణి కుర్చీ వంటింట్లో ఉంది

లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే కాకినాడలోని ఒక సరుకు రవాణా ఆఫీసులో ఉద్యోగుల కుర్చీలన్నీ లేచి, ఎవరి కుర్చీ వాళ్లింటికి నడిచి వెళ్లిపోయింది. ఆఫీసు మళ్లీ తెరవగానే మగవాళ్ల కుర్చీలు బుద్ధిగా తిరిగొచ్చాయి. ఆడవాళ్లవి రాలేదు. అవి వంటింటి దాకా వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. దీన్ని ఎవరూ వింతగా చూడలేదు.

బిల్లుల సెక్షన్‌లో పనిచేసే వీరవేణి కుర్చీ పొయ్యి పక్కన కుదురుకుంది. పాప దాని మీద కూర్చునే ఆన్‌లైన్ క్లాసులు వింటోంది. అత్తగారి మందుల డబ్బా దాని మీదే ఉంటోంది. ఇంత పనికొచ్చే వస్తువును బయటికి పంపడం దేనికని ఇంటిల్లిపాదికీ అనిపించింది.

సూపరింటెండెంటు పేర్రాజు గారు మర్యాదస్తుడు. "సోమవారానికి కుర్చీ తన కాళ్ల మీద తాను నడిచొస్తే ఉద్యోగం మీదేనమ్మా. మోసుకొస్తే మటుకు రూల్సు ఒప్పుకోవు," అన్నాడు.

"మగవాళ్లవి ఎలా వచ్చేశాయండీ?"

"వాటిని ఇంట్లో ఎవరూ పిలవరు కదమ్మా."

ఆదివారం వీరవేణి కుర్చీని వీధి గుమ్మం దాకా నడిపించింది. కుక్కరు కూత వేసింది. కుర్చీ గిరుక్కున వెనక్కి తిరిగింది. మళ్లీ నడిపిస్తే పాప పిలిచింది, ఆ తర్వాత అత్తగారు. వీరవేణికి ఏడుపొచ్చింది. చదువుకుని, పరీక్ష రాసి, తనంతట తాను తెచ్చుకున్న ఉద్యోగం అది.

"ఏవండీ, ఈసారి కూత వేస్తే మీరు లేస్తారా?" అంది భర్తతో.

ఎరువుల గోడౌనులో గుమస్తా నూకరాజు పేపరు దించాడు. "ఎన్నో కూతకి కట్టెయ్యాలో నాకేం తెలుసే?"

"నాకూ పుట్టగానే తెలీదండీ."

నూకరాజు లేచాడు. అన్నం కాస్త మాడింది గానీ, పాపకు పెట్టాడు, తల్లికి మందులిచ్చాడు. కుర్చీ కాసేపు అలవాటుగా అటూ ఇటూ కదిలి, ఇక తననెవరూ పిలవడం లేదని నిదానంగా నమ్మింది. సోమవారం పొద్దున్నే మెట్లు దిగింది. వీధిలో మరికొన్ని కుర్చీలు ఎదురయ్యాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ లారీలను ఆపి వాటికి దారిచ్చాడు.

మధ్యాహ్నం పాపకు జ్వరం తగిలింది. ఊరి అవతల గోడౌనులో నూకరాజు కుర్చీ లేచి ఇంటి దారి పట్టింది. అక్కడి మేనేజరు హడలిపోయి పైవాళ్లకు ఫోన్ చేశాడు. మగవాడి కుర్చీ పనివేళల్లో ఇంటికెళ్లడం మునుపెన్నడూ లేదని, దీన్ని అత్యవసర పరిస్థితిగా పరిగణించి సాయంత్రానికల్లా విచారణ సంఘం వేశారు. ఆ సమయానికి నూకరాజు పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాడు. వీరవేణి తన కుర్చీలో కూర్చుని బిల్లులు పూర్తిచేస్తోంది.