ఎండాకాలం గారి డిప్యుటేషన్

గుమ్మికొండ మండలానికి కేటాయించిన ఎండాకాలం గారు ఫిబ్రవరి ఆఖర్న పొద్దుటి బస్సు దిగి, మండలాఫీసులో చార్జి తీసుకుని, సాయంత్రం బస్సుకే డిప్యుటేషన్ మీద పట్నం వెళ్ళిపోయారు. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఏటా అలాగే వెళ్ళేవారు. కొండమీద పోస్టింగు పడ్డవాళ్ళలో ఎవరు నిలిచారు గనక, ఆయనొక్కరే నిలవడానికి? డాక్టరు గారు మధ్యాహ్నం బస్సుకి దిగిపోతారు. హైస్కూలు లెక్కల మాస్టారు వారానికోసారి కనబడితే పిల్లలు లేచి నిలబడటానికి కూడా తటపటాయిస్తారు, ఎవరో చుట్టాలొచ్చారనుకుని.

ఎండాకాలం గారు లేనప్పుడు ఆ బాధ్యతలు చలికాలం గారికి అదనంగా అప్పగించేవారు. ఆయన మార్గశిరంలో వచ్చిన పెద్దమనిషి. రిటైర్మెంటు దగ్గరపడింది, మోకాళ్ళ నొప్పులు. తన పనే తనకి ఎక్కువైందని గొణుక్కుంటూ, రెండు కాలాల పనీ మంచుతోనే సర్దేసేవారు. అందుకే చైత్రం వచ్చినా గుమ్మికొండలో పక్కింటివాళ్ళ గొంతు వినబడేది గాని మొహం కనబడేది కాదు.

కింద పట్నం సంగతి వేరు. దానికి సొంత ఎండాకాలం ఎలాగూ ఉంది. దానికి తోడు చుట్టుపక్కల కొండ మండలాలన్నిటి ఎండాకాలాలూ డిప్యుటేషన్ మీద అక్కడే చేరాయి. అందరికీ కూర్చోవడానికి కుర్చీలు లేక కొందరు మేడల మీదా, కొందరు బస్టాండులోనూ, కొందరు నడిరోడ్డు మీదా కూర్చునేవారు. పట్నం జనం ఆ వేడికి తాళలేక, చల్లగా ఉంటుందని కార్లు వేసుకుని గుమ్మికొండ ఎక్కేవారు. మంచులో ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తులు తిని, పొత్తుల బెండ్లు అక్కడే పడేసి దిగేవారు. టూరిజం వాళ్ళకి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. కాబట్టి డిప్యుటేషన్ రద్దు చేయమని అడిగే నాథుడు లేడు.

పాంగి దైమతికి మాత్రం ఆ ఏడు ఎండ కావలసి వచ్చింది.

ఆవిడ చేసిన పొరపాటల్లా మైకుని నమ్మడం. మార్చి నెల సంతలో మండలాఫీసు సూపరింటెండెంటు కామేశం గారు జీపుకి మైకు కట్టించి వేసవి అంచనా చదివించారు. "ఈ వేసవిలో గుమ్మికొండ మండలంలో సాధారణం కన్నా ఎక్కువ ఎండలు కాస్తాయి. వడగాలులు వీచే అవకాశం ఉంది. ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." అంచనా పట్నంలో తయారవుతుంది. అక్కడ కూర్చుని కిటికీలోంచి చూసి రాస్తారు గనక అలాగే ఉంటుంది. దైమతికి అది తెలియదు. సర్కారే చెప్పింది కదా అని సంబరంగా ఇంటికెళ్ళి, రెండేళ్ళు మట్టిలో పెంచిన పసుపంతా తవ్వి, కాగుల్లో ఉడకబెట్టి, తడికల మీద పరిచి కూర్చుంది.

ఉడికిన పసుపుకి కావలసింది ఎండ ఒక్కటే. అది లేకపోతే కొమ్ములు మెత్తబడతాయి, బూజు పడతాయి. పొయ్యి మీద అటకెక్కించి ఆరబెడదామంటే పొగచూరి నల్లబడతాయి, వర్తకుడు వేలితో తాకను కూడా తాకడు. రెండేళ్ళ రెక్కల కష్టం ఆ తడికల మీద మంచులో తడుస్తోంది. దైమతి పొద్దున్నే లేచి ఒక్కో కొమ్మునీ కొంగుతో తుడిచేది. తుడిచినంతసేపు పట్టదు, మళ్ళీ చెమ్మ.

ఒకనాడు ఆవిడ ఆ కొమ్ముల్లో ఒకటి పట్టుకుని మండలాఫీసుకి బయల్దేరింది. దారిలో మండలాఫీసు పెట్టిన కాపలా మనిషి గొంగడి కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ అడ్డం నిలబడ్డాడు. వడగాలుల హెచ్చరిక ఉంది, మిట్టమధ్యాహ్నం బయట తిరగకూడదన్నాడు. దైమతి అతణ్ణి తప్పించుకుని వెళ్ళింది. అదేమంత కష్టం కాలేదు. ఆ మంచులో అతనికి ఆవిడ రెండడుగుల్లోనే కనబడకుండా పోయింది.

కామేశం గారు స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుని చలివేంద్రం ఏర్పాట్లు చూస్తున్నారు.

"బాబూ, ఎండేదీ?" అంది దైమతి.

"అంచనాలో ఉందమ్మా."

"బయిట నేదు బాబూ. పసుపు బూజట్టిపోతంది."

"బయట సంగతి నా పరిధిలోది కాదు. ఎండాకాలం గారు రికార్డు ప్రకారం ఇక్కడే పనిచేస్తున్నారు. బుధవారం చలివేంద్రం ప్రారంభోత్సవానికి స్వయంగా వస్తున్నారు కూడా. చల్లటి మజ్జిగ పోస్తాం, వచ్చి తాగి వెళ్ళు."

"ఉంతారా బాబూ, వొచ్చి?"

కామేశం గారు ఆవిడవైపు జాలిగా చూశారు. "ఎవరుంటారమ్మా ఇక్కడ?" అన్నారు. ఆయన కుటుంబం కూడా పట్నంలోనే ఉంది.

బుధవారం ఎండాకాలం గారు వచ్చారు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. ఆయనకి ఎండ పడదు. ఆయన బస్సు దిగగానే మంచు మర్యాదగా లేచి పక్కకి తప్పుకుంది. రిబ్బను కత్తిరించారు, ఫొటో తీశారు. అంతసేపూ సూర్యుడు ఫెళ్ళున కాశాడు. వణుకుతున్న జనం వరసలో నిలబడి చల్లటి మజ్జిగ తాగి చప్పట్లు కొట్టారు. దైమతి తడికల దగ్గరికి పరుగెత్తి పసుపుని ఒకసారి తిరగేసేలోపే, ఎండాకాలం గారు మధ్యాహ్నం బస్సెక్కారు. మంచు మళ్ళీ వచ్చి కూర్చుంది.

అయితే కిందనున్న ఆఫీసులు లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. ఆ బుధవారమే గుమ్మికొండలో ఇటుకల పండగ, అంటే చైత్రమాసపు వేట పండగ, మొదలైంది. పండగ రోజుల్లో మగవాళ్ళు అడవికి వేటకి వెళితే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కడతారు. అటు పోయేవాడైనా, ఇటు వచ్చేవాడైనా ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళాలి. అరటిపండయినా సరే, అగ్గిపెట్టయినా సరే. ఇవ్వడానికి ఏమీ లేనివాడు ఊరి చుట్టమైపోతాడు, పండగ అయ్యేదాకా ఊళ్ళోనే ఉండాలి. ఇది గుమ్మికొండ పద్ధతి. పోలీసు జీపు కూడా బీడీకట్ట ఇచ్చే కదిలేది.

దైమతి పసుపు చేతులతోనే అడ్డదారిన కొండ దిగి, ఘాట్‌రోడ్డు మలుపులో తాడు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళతో చేరింది. మేనత్త గుండమ్మ అక్కడ పాట అందుకుని ఉంది. పళ్ళు ఊడినా ఆవిడ గొంతు మాత్రం కొండ అవతలికి వినబడుతుంది. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు వక్కలిచ్చాడు. డాక్టరు గారు సంచీలోంచి బిస్కట్ల పొట్లం తీసిచ్చారు. లెక్కల మాస్టారు సుద్దముక్కల డబ్బా ఇచ్చారు. కిటికీ పక్క సీట్లో ఎండాకాలం గారు కళ్ళద్దాలు సర్దుకుని, "ప్రభుత్వ విధుల్లో ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది," అన్నారు.

"మా తాడుకి నేదు బాబూ," అంది దైమతి. "ఏదో ఒకటి ఇచ్చి ఎల్లండి."

ఆయన జేబులన్నీ తడుముకున్నారు. "నా దగ్గర ఎండ తప్ప ఏమీ లేదు."

"అదే ఇయ్యండి."

"ఇక్కడ ఇస్తే ఇక్కడ పనిచేసినట్టవుతుందమ్మా. నేను డిప్యుటేషన్‌లో ఉన్నాను. ఉన్న ఎండంతా పట్నంలోనే కాయాలి."

"అయితే మీ దగ్గిర ఇవ్వడానికి ఏటీ నేదన్నమాట."

ఎండాకాలం గారు ఆలోచించి, రూల్సు ప్రకారం అంతేనని ఒప్పుకున్నారు.

"అత్తా! సుట్టం దొరికాడే!" అని అరిచింది దైమతి.

ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వుతూ ఆయన్ని దింపుకున్నారు. ఒకావిడ గొడుగు పట్టింది, ఒకావిడ ట్రంకుపెట్టె నెత్తినెట్టుకుంది. డప్పులతో, పాటలతో ఊళ్ళోకి తీసుకెళ్ళి, గుండమ్మ అరుగు మీద మంచం వాల్చి కూర్చోబెట్టారు. ఆయన కూర్చున్నారు. కూర్చున్నచోట ఎండ కాసింది.

ఇక్కడ ఎవరూ నిబంధన ఉల్లంఘించలేదు. ఎండాకాలం గారు గుమ్మికొండలో ఏ పనీ చేయలేదు. ఉదయం లేచి అంబలి తాగేవారు, మామిడికాయ ముక్క ఉప్పుతో నంజుకునేవారు, మంచం మీద ఒత్తిగిలి పడుకునేవారు. ఉన్నారంతే. తీరా చూస్తే ఆ ఉద్యోగంలో చేయవలసింది అంతేనని తేలింది. ఊళ్ళో ఉంటే చాలు. మిగతాదంతా దానంతట అదే అయిపోయింది. తడికల మీంచి ఆవిర్లు లేచాయి. చలికాలం గారు ఇన్నాళ్ళకి అదనపు బాధ్యత వదిలిందని మోకాళ్ళు పట్టుకుని ఆనందంగా లోయలోకి దిగిపోయారు.

పండగ అయ్యేదాకా చుట్టం కదలడానికి లేదు. డప్పు ఆగితేగాని పండగ అవదు. కాబట్టి డప్పు ఆపలేదు. ఆడవాళ్ళు వంతులు వేసుకుని థింసా ఆడారు. వేట నుంచి వచ్చిన మగవాళ్ళకి వంట, నీళ్ళు, పిల్లల బాధ్యత అప్పగించి మరీ ఆడారు. కాళ్ళు వాచినవాళ్ళు కూర్చుని పాడారు. గొంతు పోయినవాళ్ళు లేచి ఆడారు. దైమతి అయితే పసుపు తిరగేయడం, పరుగున వచ్చి వరసలో చెయ్యి కలపడం, మళ్ళీ పసుపు తిరగేయడం. ఒళ్ళు హూనమైంది గాని ఆవిడ మొహం మీద నవ్వు చెరగలేదు.

కామేశం గారు జీపులో వచ్చారు, చుట్టాన్ని విడిపించడానికి. తాడు దగ్గర మంకీ క్యాపు ఇచ్చి లోపలికి వచ్చారు. ఎలాగూ దాని అవసరం లేదు, చెమట కారిపోతోంది. ఆయన నోరు తెరిచి ఏదో అనబోయేలోపే పట్నం నుంచి ఫోను వచ్చింది. జిల్లా మొత్తం మీద వేసవి అంచనా అక్షరాలా నిజమైన మండలం గుమ్మికొండ ఒక్కటేనట, సూపరింటెండెంటు గారి కృషిని ప్రశంసిస్తున్నారట. పట్నంలో ఒక ఎండాకాలం తగ్గిందని ఎవరూ గమనించలేదట. బస్టాండులో ఒక బల్ల మాత్రం ఖాళీ అయిందట. కామేశం గారు ఫోను జేబులో పెట్టుకుని, స్వెట్టరు విప్పి నడుముకి కట్టుకుని, వరస చివర చేరి నాలుగు అడుగులు వేశారు. తప్పుగానే వేశారు గాని, గుండమ్మ పాట ఆపలేదు.

ఒకరోజు దైమతి ఒక కొమ్ము తీసి విరిచింది. ఠంగుమని మోగింది. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోటి విరిచింది. అదీ మోగింది. ఆవిడ చేటనిండా కొమ్ములెత్తి గలగలలాడిస్తూ ఊరంతా తిరిగింది. ఎండ చూసి మిగతావాళ్ళు కూడా పసుపు ఉడకబెట్టి ఆరేసుకున్నారు గనక, ఇంటింటా అదే చప్పుడు. గుమ్మికొండలో ఏ ఇంటా ఒక్క కొమ్ము బూజు పట్టలేదు. దైమతి డప్పుల దగ్గరికి వచ్చి చెయ్యెత్తింది. డప్పు ఆగింది. ఇన్నాళ్ళకి నిశ్శబ్దం వినబడి కోళ్ళు కంగారుపడ్డాయి.

ఎండాకాలం గారిని సాగనంపడానికి ఊరు ఊరంతా కదిలింది. ఆయన నల్లబడ్డారు. కళ్ళద్దాలు పిల్లలు తీసుకున్నారు, ఆయన తిరిగి అడగలేదు కూడా. "ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఉండమన్నది మీరొక్కరేనమ్మా," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. దైమతి ఆయన ఒళ్ళో పసుపు కొమ్ములు పోసింది. "వొచ్చే ఏడు ఒట్టి సేతుల్తోనే రండి బాబూ," అంది. ఆయన తప్పకుండా అలాగే వస్తానన్నారు.

తాడు ఇంకా విప్పలేదు. చుట్టం ఎక్కిన బస్సు వదిలాక విప్పడం ఆనవాయితీ. అందరిచేతా ఇప్పించుకుంటూ దైమతి బస్సు పక్కగా వెనక సీటు కిటికీదాకా వెళ్ళింది. అక్కడ డాక్టరు గారు సంచీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నారు. ఆవిడ కిటికీ మీద తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, సంచీ తడిమి, జ్వరం బిళ్ళల పట్టీలు రెండు తీసి ఇచ్చారు. ఆస్పత్రివే.

గుండమ్మ తాడు కొస పట్టుకుని ఆయనవైపు కాసేపు చూసింది. "ఓలే దైమతీ, ఈ బాబుని కూడా సుట్టాన్ని సేసీసుకుందుమేటి?"

"ఎలాగ అత్తా? ఇవ్వడానికి ఆయన దగ్గిర ఉన్నాది కదా," అంది దైమతి. పద్ధతి పద్ధతే.

అందరూ ఒప్పుకున్నారు. దైమతి తాడు ఎత్తింది. బస్సు ఈలల మధ్య, చప్పట్ల మధ్య మలుపు తిరిగి దిగిపోయింది. ఆవిడ ఆ బిళ్ళల పట్టీలని ముద్దుగా ఒకసారి చూసుకుని రొంటిన దోపుకుంది. వానాకాలం జ్వరాలకి పనికొస్తాయి. అప్పుడు ఆస్పత్రిలో ఎవరూ ఉండరు.